మూడో రంగంలో చీకటి

తొంభైల చివర్లో, భిలాయి ఉక్కు టౌన్‌షిప్ సెక్టర్ 7లో మా తెలుగువాళ్లు ఏటా ఒక నాటకం వేసేవారు. ఆ ఏడు కాలేజీలో చదువుతున్న నాకు కూతురి వేషం ఇచ్చారు. తండ్రి వేషం మా పక్క క్వార్టర్ మావయ్యది. శ్రీకాకుళం నుంచి వచ్చి రోలింగ్ మిల్లులో పనిచేసే భారీ మనిషి. మూడో రంగంలో ఆయన చచ్చిపోవాలి. నేను నోట మాట రాక పక్కనే రాయిలా కూర్చోవాలి. అప్పుడు హాలంతా ఏడవాలని మా డైరెక్టరు గారి కోరిక.

నాటకం రోజు పొద్దున్న, ప్లాంటులో ఇంజనీరుగా ఉన్న బాబాయిగారొకరు స్టేజీ పైన ఓ చిన్న తెల్లటి డబ్బా బిగించారు. విదేశంలో ట్రైనింగుకి వెళ్లినప్పుడు ముచ్చటపడి తెచ్చుకున్నారట. మనిషి కదులుతుంటే లైట్లు వాటంతటవే వెలుగుతాయి, కదలిక ఆగితే ఆరిపోతాయి, ఇక స్విచ్చుతో పనే లేదని విడమరిచి చెప్పారు. మేం తెగ మురిసిపోయాం.

సాయంత్రం మొదటి రెండు రంగాలు బాగానే నడిచాయి. మూడో రంగంలో మావయ్య ప్రాణం వదిలాడు. నేను రాయినయ్యాను. హాల్లో అక్కడక్కడా ముక్కులు చీదుతున్న చప్పుడు. అంతలో స్టేజీ మీద చీకటి పడింది.

నేను కదల్లేదు. కదలొద్దనే కదా నేర్పారు. ఆ చీకట్లో శవం మెల్లగా కాలెత్తింది. లైట్లు వెలిగాయి. గాల్లో ఉన్న కాలు అందరికీ కనబడింది. ఎవరో కిసుక్కుమన్నారు. మావయ్య కాలు దించి మళ్లీ చచ్చిపోయాడు. కాసేపటికి మళ్లీ చీకటి. ఈసారి చెయ్యి ఊపి, నాకొక్కదానికే వినబడాలని గొణిగాడు. మైకు ఆయన తల దగ్గరే ఉంది.

“ఏటే అమ్మీ, నువ్వైనా కదల్రాదేటి? నాను సచ్చి కూడా డ్యూటీ సెయ్యాలేటి?”

హాలు గొల్లుమంది. నేను పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను గానీ లాభం లేకపోయింది. భుజాలు ఊగిపోయాయి. శవం పొట్ట ఎగిరెగిరి పడింది. ఇక లైట్లు ఆరితే ఒట్టు. ముందు వరసలో ఇంజనీరు బాబాయిగారు లేచి నిలబడి, డబ్బా ఎంత బాగా పనిచేస్తోందో పక్కవాళ్లకి చూపించసాగారు. తెలుగు ముక్క రాని హిందీవాళ్లకి కూడా నాటకం పూర్తిగా అర్థమైపోయింది. వెనకనుంచి ఒకాయన బతిమాలాడు.

“భయ్యా, ఏక్ బార్ ఔర్ మరో.”

మావయ్య కాదనలేక ఇంకోసారి చచ్చిపోయాడు. అలిగి తెర వెనక కూర్చున్న డైరెక్టరు గారు చివరికి తనే స్టేజీ ఎక్కారు. నవ్వి నవ్వి నీళ్లు కారిన కళ్లు తుడుచుకుంటూ, నన్నూ శవాన్నీ చెరో చేత్తో లేపి జనానికి దండం పెట్టించారు.