వందమందికి పద్నాలుగు కిలోలు

విజయవాడ బస్టాండులో తిరువూరు బస్సు ఉదయం ఆరుంపావుకు కదిలింది. టికెట్టు నూట ముప్పై. పొద్దున వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కూర్చోవడం మంచిది, ఎండ కుడివైపు పడుతుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు కూడా ఎడమవైపే. ఇరవై రెండేళ్ళుగా ఈ దారిలో తిరుగుతూ నేను తెలుసుకున్న విషయాల్లో ఇది ఒకటి.

నా సంచిలో ఒక కొక్కెం కాటా, ఒక నోటుపుస్తకం, నా విందుభోజనాల కొలతల పుస్తకం కొత్త ముద్రణ ప్రూఫులు ఉన్నాయి. సోమవారం ఆ ప్రూఫులు ప్రెస్సుకు వెళ్ళాలి. ఈలోపు ఒకే ఒక్క విషయం తేల్చుకోవాలి. వందమందికి బియ్యం పద్నాలుగు కిలోలా, పన్నెండా?

నేను పుస్తకాలు రాసి, సొంతంగా అచ్చువేసి, అమ్ముకుని బతికే మనిషిని. చదివింది పదో తరగతి. రైసు మిల్లులో గుమాస్తాగా ఉంటూ లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. మామిడితోట ఖర్చులు, డ్రిప్పు పైపుల కొలతలు, సెంట్లను కుంటల్లోకి మార్చే పట్టికలు, ఇలా ఇప్పటికి పదకొండు పుస్తకాలు రాశాను. వాటన్నిటికీ తల్లివేరు మొదటిదైన ఈ కొలతల పుస్తకమే. వందమందికి ఏది ఎంత వండాలో అందులో ఉంటుంది. అందులోని కొలతలన్నీ తిరువూరు వంటమేస్త్రి కోటయ్యగారివి. ఆయన పేరు ప్రతి ముద్రణలోనూ మొదటి పేజీలో వేశాను.

పోయిన నెల విజయవాడలో ఒక పెద్ద కేటరర్ నన్ను పిలిపించాడు. తన దగ్గర బుక్ చేసుకున్న ప్రతి పార్టీకీ నా పుస్తకం కానుకగా ఇస్తానని, వెయ్యి కాపీలు ఒకేసారి తీసుకుంటానని అన్నాడు. నాకు అది దాదాపు ఏడాది అమ్మకం. కానీ ఒక షరతు పెట్టాడు. “మీ లెక్క ప్రకారం వండితే ప్రతిసారీ అన్నం మిగులుతోంది మాస్టారూ. పద్నాలుగు కాదు, పన్నెండు చాలు. అది దిద్దండి.”

నేను ఎవరికీ పాఠం చెప్పలేదు, అయినా అందరూ మాస్టారనే అంటారు. ఆ రాత్రి ఇంటికొచ్చి పాఠకుల ఫిర్యాదులు రాసుకునే నోటుపుస్తకం తీశాను. అన్నం మిగిలిందని ఇన్నేళ్ళలో పంతొమ్మిది మంది ఫోన్ చేశారు. జనం తిండి తగ్గిందిలే అని ప్రతిసారీ పక్కన పెట్టాను. తప్పు లెక్కను ఇరవై రెండేళ్ళు అమ్మానంటే, మిగిలిన పది పుస్తకాలనూ ఏ మొహం పెట్టుకుని అమ్మాలి? కోటయ్యగారికి ఫోన్ చేస్తే, “శనివారం ఎ.కొండూరులో గృహప్రవేశం ఉంది, అల్లుడు వండుతున్నాడు. కాటా తెచ్చుకో, నీ కళ్ళతోనే చూద్దువుగాని” అన్నారు.

ఇబ్రహీంపట్నం దాటాక కండక్టరు టికెట్లు కొడుతూ మా దాకా వచ్చాడు. నడవకు అవతలి సీట్లో కూర్చున్నావిడ ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్టు తీసుకుని జాగ్రత్తగా మడిచి కొంగున కట్టుకుంది. మైలవరంలో దిగి రెడ్డిగూడెం వెళ్తుందట, మామిడికాయల కోతకు. నా సంచిలోంచి బయటికి వేలాడుతున్న కొక్కెం చూసి అడిగింది.

“కాయలు కొంటాకెళ్తున్నారా అండీ?”

“కాదమ్మా. అన్నం తూచడానికి.”

“అన్నం తూస్తారా!” అని వెనక సీటామె వైపు తిరిగి నవ్వింది. “మా ఆయన తినే అన్నం తూస్తే మీ కొక్కెం ఊడిపోద్ది.”

మైలవరంలో ఆమె దిగిపోయింది. ఏడున్నర అయింది. అక్కడి నుంచి రోడ్డు పక్కన మామిడితోటలు. కాయల లోడుతో ట్రాక్టర్లు ఎదురొస్తున్నాయి. కిటికీలోంచి వచ్చే ఆ సొన వాసనకు మొదటి రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు ఇదే దారిలో ఒళ్ళో గుడ్డసంచితో, అందులో డెబ్బై పుస్తకాలతో వచ్చేవాణ్ణి. సంచికి డెబ్బై పట్టేవి, డెబ్బై ఒకటోది పెడితే పిడి తెగేది. మొదటి నాలుగు నెలలు వాటిని పుస్తకాల షాపుల్లో ఇచ్చాను. ఐదు వందల్లో ముప్పై ఒకటి అమ్ముడయ్యాయి. “పెళ్ళి చేసేవాడు పుస్తకాల షాపుకెందుకొస్తాడయ్యా?” అని తిరువూరులో ఒక షాపాయన తిరిగిచ్చేస్తూ అన్నాడు. ఆ మాటే నాకు వ్యాపారం నేర్పింది. అదే వీధిలో షామియానాలు, వంటసామాన్లు అద్దెకిచ్చే షాపు ఉంది. ఐదు పుస్తకాలు అక్కడ పెట్టి వెళ్ళాను. వారం తర్వాత వెళ్తే ఒక్కటీ లేదు. గుండిగలు అద్దెకు తీసుకునేవాడికి వాటిలో ఎంత పోయాలో తెలియాలి కదా. ఆ తర్వాత శుభలేఖలు అచ్చువేసే షాపులు, విస్తళ్ళ షాపులు. ధర మాత్రం ఎప్పుడూ కిలో కందిపప్పు కంటే తక్కువే పెట్టాను. రాయాలనుకునేవాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, ఏం రాస్తే అమ్ముడవుతుందని. ఎక్కడ పెడితే అమ్ముడవుతుందో ముందు చూడండి అంటాను.

ఎనిమిదీ నలభైకి తిరువూరులో దిగాను. బస్టాండు ఎదురుగా నాలుగు ఇడ్లీ, అల్లం చట్నీ, టీ, మొత్తం యాభై అయిదు. చట్నీలో ఘాటు తగ్గింది, ఇడ్లీ సైజూ తగ్గింది. సామాన్ల షాపు మాత్రం అక్కడే ఉంది. ముసలాయన పోయాక కొడుకు చూసుకుంటున్నాడు. గల్లాపెట్టె పక్కన మేకుకు పురికొసతో నా పుస్తకం వేలాడుతోంది. చూసుకునే వాళ్ళ కోసం ఆయన కట్టిన కాపీ అది, ఆరో ముద్రణ. పసుపు మరకలు, నూనె వేళ్ళు పడి బియ్యం పేజీ దాదాపు గోధుమరంగుకు తిరిగింది.

“కొత్తది వేస్తే ఇది మార్చేయండి” అన్నాను.

“వద్దండీ. ఈ పేజీ దానంతటదే తెరుచుకుంటది” అన్నాడు కొడుకు.

ఆ పేజీలోని తప్పు తేల్చుకోవడానికే వచ్చానని అతనికి చెప్పలేకపోయాను.

కోటయ్యగారు వాకిట్లో కుర్చీ వేసుకుని నా కోసం కూర్చున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. గరిటె పట్టడం మానేసి ఆరేళ్ళయింది, కానీ తలకు తువ్వాలు చుట్టుకోవడం మానలేదు. ఇద్దరం ఆటో ఎక్కాం, మనిషికి ముప్పై. పదీ ఇరవైకి ఎ.కొండూరు చేరాం.

కొత్త ఇంటి వెనక రేకుల పందిరి కింద అల్లుడు పులిహోర కలుపుతున్నాడు. అప్పట్లో అయితే నేలలో గాడిపొయ్యి తవ్వి కట్టెలు పెట్టేవారు. పొగకు కళ్ళు మండుతుంటే నేను ఒక మూల కూర్చుని, కోటయ్యగారు గిన్నెలో వేసే ప్రతిదాన్నీ ముందు తూచి రాసుకునేవాణ్ణి. “ఉప్పు కూడా తూస్తావా? నా చెయ్యే కాటా” అని ఆయన కసురుకునేవారు. గుప్పెడు ఉప్పు ముప్పై సార్లు తూచాను. తేడా ఎప్పుడూ ఐదు గ్రాములు దాటలేదు. ఇప్పుడు గ్యాసు పొయ్యిలు వచ్చాయి, కళ్ళు మండవు.

ఇరవై ఆరు కిలోల బస్తా ఒకటి, పైన రెండు కిలోలు. రెండువందల మందికి ఇరవై ఎనిమిది, నా పుస్తకం ప్రకారమే, పులిహోర బియ్యం వేరే. పన్నెండున్నరకు మొదటి బంతి కూర్చుంది. పులిహోర, ముద్దపప్పు, ఆవకాయ, గుత్తి వంకాయ, దోసకాయ పప్పు, సాంబారు, పూర్ణాలు. నేను రెండో బంతిలో తిన్నాను. పూర్ణాలు మూడు.

రెండూ నలభైకి పనివాళ్ళతో సహా అందరి భోజనాలూ అయిపోయాయి. తెచ్చిన రెండువందల విస్తళ్ళలో నాలుగు మిగిలాయి. అంటే తిన్నది నూట తొంభై ఆరుగురు. మిగిలిన అన్నాన్ని కొక్కేనికి తగిలించి నాలుగు విడతల్లో తూచాను. పది కిలోల నాలుగువందల గ్రాములు. కిలో బియ్యానికి రెండు కిలోల ఆరువందల అన్నం వస్తుంది. కాబట్టి మిగిలింది నాలుగు కిలోల బియ్యం. తిన్నది ఇరవై నాలుగు. వందకు పన్నెండుంపావు.

రెండోసారి లెక్క వేశాను, అదే వచ్చింది.

“మన లెక్క తప్పండీ” అన్నాను కోటయ్యగారితో. “వందకు రెండు కిలోలు ఎక్కువ రాశాం.”

ఆయన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నారు. “తప్పెట్టా అవుద్ది? ఆ రెండూ నేనే వేశా.”

“మీరు వేశారా?”

“అప్పట్లో నువ్వు ఎన్ని గంటల బస్సుకి పోయేవాడివి?”

“మూడింటికి.”

“అదీ సంగతి. ఎసరు దగ్గర నుంచీ రాసుకునేవాడివి, మూడయ్యేసరికి సంచి సర్దుకుని రోడ్డెక్కేవాడివి. మూడు తర్వాత ఏం జరిగిద్దో ఒక్క రోజన్నా చూశావా? ఇయ్యాళ కూర్చో.”

కూర్చున్నాను. కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్ళు గిన్నెలు తోముతున్నారు. మూడున్నరకు ఆ పని అయింది. అందరిలో పెద్దదైన నాగమ్మ చేతులు తుడుచుకుని, సంచిలోంచి ఒక స్టీలు బేసిన్ తీసింది. మిగతా ముగ్గురూ తీశారు. నలుగురి బేసిన్లూ దాదాపు ఒకే సైజు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. అల్లుడు గరిటెతో నాలుగింటికీ సమంగా అన్నం పెట్టి, పైన పప్పు పోశాడు. ఇంటివాళ్ళు అటు చూడనుకూడా లేదు.

“ఇంటాయన్ని అడిగితే పెట్టరా?” అన్నాను.

“కొందరు పెడతారు, కొందరు చూద్దాంలే అంటారు” అన్నారు కోటయ్యగారు. “పొద్దుటి నుంచీ చాకిరీ చేసి, మళ్ళీ బేసిన్ పట్టుకుని అడగటం ఎందుకు? లెక్కలోనే పడేస్తే ఎవర్నీ అడగక్కర్లా.”

“అప్పుడే నాతో చెప్పొచ్చు కదండీ.”

“చెబితే కొట్టేసేవాడివి. నీకు లెక్క సరిగ్గా ఉండాలిగా!”

ఆ రోజుల్లో నిజంగానే కొట్టేసేవాణ్ణి.

నాగమ్మ బేసిన్ మీద మూత పెడుతూ మా మాటలు వింటోంది. “ముందు పెద్దాయన వండిన చోటే ఇట్టా ఉండేదయ్యా. వేరే వంటోళ్ళ దగ్గరికి పోతే మాకు మాడు గోకటమే. తర్వాత తర్వాత అందరి దగ్గరా మిగలటం మొదలైంది. ఎందుకో ఏమో.”

“ఎందుకేంటే, ఈయన పుస్తకం చూసి వండబట్టి” అన్నారు కోటయ్యగారు.

ఆమె నా చేతిలోని ప్రూఫుల వంక, తర్వాత నా వంక చూసింది. “ఇంత పల్చటి పుస్తకమా!” అంది. తర్వాత విస్తరాకు ఒకటి తీసుకుని, గిన్నె అడుగున ఉన్న పులిహోర పొట్లం కట్టి నా ముందు పెట్టింది.

“నాకెందుకు నాగమ్మా?”

“మీరూ పనిచేశారుగా. వచ్చినకాడి నుంచీ తూస్తానే ఉన్నారు.”

నాలుగూ నలభైకి ఎ.కొండూరులో బస్సు దొరికింది. టికెట్టు నూట పది. కోటయ్యగారు రోడ్డు దాకా వచ్చారు. బస్సు కదులుతుంటే, “ఇంతకీ ఎంత వేస్తున్నావ్?” అని అరిచారు. పద్నాలుగు అని వేళ్ళతో చూపించడం కుదరక తల ఊపాను. ఆయనకు ఏం అర్థమైందో తెలియదు.

ఎడమవైపు సీటు దొరికింది. ప్రూఫులు ఒళ్ళో పెట్టుకుని బియ్యం గడిని నిలువుగా గీత గీసి రెండు చేశాను. ఒకదానిలో ‘తినేవాళ్ళకు పన్నెండు’ అని రాశాను. రెండోదానిలో ‘పనివాళ్ళ ఇళ్ళకు రెండు’ అని రాశాను. ఇరవై రెండేళ్ళకు ఆ పేజీలో లెక్క సరిపోయింది.

మైలవరం వచ్చాక కేటరర్‌కు ఫోన్ చేసి చెప్పాను. అతను శ్రద్ధగానే విన్నాడు.

“పన్నెండు బాగుంది మాస్టారూ. ఆ రెండో గడే తీసేయండి. అది చూస్తే పార్టీలు ఆ అన్నం కూడా నన్నే పెట్టమంటారు.”

“పెట్టమనే రాశానండీ.”

“అయితే వెయ్యి కాపీలు నావల్ల కాదు.”

“సరేనండీ” అన్నాను.

ఫోన్ జేబులో పెట్టుకుని కిటికీ బయటికి చూశాను. పొద్దున ఎదురొచ్చిన ట్రాక్టర్లు ఇప్పుడు ఖాళీగా వెనక్కి వెళ్తున్నాయి. ఈ దారిలో ఎన్నిసార్లు తిరిగానో రాసి పెట్టుకున్నాను గానీ, ప్రతిసారీ మూడింటి బస్సుకే వెళ్ళిపోయానని ఎక్కడా రాసుకోలేదు. ఎవరైనా ఈ వైపు విందుకు వస్తే, తిని వెంటనే బయల్దేరకండి. నాలుగూ నలభై బస్సుకు సీట్లు కూడా దొరుకుతాయి.

గొల్లపూడి దగ్గర పొట్లం విప్పి తిన్నాను. కాటా సంచిలోనే ఉంది, పులిహోర మాత్రం తూచలేదు. తర్వాత నోటుపుస్తకం తీశాను. ఇక నేనే అమ్ముకోవాల్సిన వెయ్యి కాపీలు, సంచికి డెబ్బై. పదిహేను ప్రయాణాలు. వయసు యాభై రెండు, మోకాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. మొదటి ప్రయాణం తిరువూరుకే అని రాసుకుని, పక్కన తిరుగు బస్సు టైము వేసుకున్నాను.