లైన్‌లో ఇంకెవరున్నారు?

మొన్న మా బిడ్డ ఫోన్‌లో ఒక ఫారం తెరిచి నా చేతికిచ్చింది. మా ఆయన పోయి ఏడాది దాటినా నాకు నిద్ర పట్టడం లేదు, దడ తగ్గడం లేదు. వికారాబాద్‌లో పరీక్షలన్నీ చేసి గుండెకేమీ లేదన్నాక, వీడియోలో మాట్లాడే మనసు డాక్టరమ్మను తనే వెతికింది. మన వైపు మాట తెలిసినామె కావాలని నేనే పట్టుబట్టాను. వారానికోసారి ముప్పావుగంట, ఫీజు ముందే కట్టాలట. అదంతా సరే కానీ, ఎక్కడ కూర్చుని మాట్లాడతారు, పక్కన ఎవరైనా వింటారా, లైన్ తెగితే ఏ నంబరుకు చేయాలి అన్న ప్రశ్నలు చదువుతుంటే నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. ఒకప్పుడు తాండూరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో లైన్ తెగితే కలిపేదాన్నీ నేనే, పక్కన ఉండి వినేదాన్నీ నేనే.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకోవడం, దొరికాక బజారంతా వినేలా అరవడం. బషీరాబాద్ నుంచి వచ్చే కందుల వ్యాపారులైతే సగం కన్నడంలో, సగం తెలుగులో అరిచేవారు. గొంతు అందుతోందో లేదో చూడాలని మేం ఆపరేటర్లం కాసేపు లైన్‌లో ఉండేవాళ్లం. వినాల్సింది రెండు మాటలే అయినా నా చెవికి ఆశ ఎక్కువ.

కరణ్‌కోట రాతి గనిలో పనిచేసే ఒకాయన భార్య వారం వారం బస్సులో వచ్చి వాళ్ల అక్కతో మాట్లాడేది. ఒకరోజు, "అక్కా, పానం ఇసిగిపోయింది, గీ ముచ్చట ఎవ్వలకు చెప్పకు" అని ఏడ్చింది. నేను జాలితోనే, నిజంగా జాలితోనే, ఇంటికెళ్లి పక్కింటి అత్తమ్మకు చెప్పాను. ఆవిడ పుట్టిల్లు కరణ్‌కోటే అని నాకు తట్టలేదు. వారం తిరక్కుండా ఆ మాట ఆమె అత్తగారింటికి చేరిందని అత్తమ్మే సంబరంగా చెప్పింది. ఆమె మళ్లీ ఫోన్‌కు రాలేదు. ఏమైందని నేనెవరినీ అడగలేదు, విన్నది నేనేనని బయటపడుతుందని భయం.

మా బిడ్డ ఇంట్లో వంటింటి గుసగుస కూడా వీధి గుమ్మం దాకా వినిపిస్తుంది. అందుకని మొదటి రోజు అల్లుడి కారులో, అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ ముఖం కనబడగానే, "బిడ్డా, లైన్ల ఇంకెవలన్న ఉన్నరా?" అని అడిగాను. ఆమె నవ్వలేదు. ఫోన్ తిప్పి గది నాలుగు వైపులా, వేసి ఉన్న తలుపూ చూపించింది. "నేనొక్కదాన్నే ఉన్నమ్మా. ఎవరి పానం మీదికన్న వస్తదనిపిస్తే తప్ప, మీ మాట నా దగ్గర్నే ఉంటది" అంది.

మా ఆయన గురించి చెప్పాలని కూర్చున్నదాన్ని, ఆయనకు కూడా ఏనాడూ చెప్పని ఆ కరణ్‌కోట ఆమె గురించి మొదలుపెట్టాను. ముప్పావుగంటా దానికే సరిపోయింది.

ఇప్పుడు లైన్ మధ్యలో మనిషే ఉండడు, మంచిదే. కానీ అప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి నోరు మూసుకుని ఉంటే, ఆమెకు వారానికోసారి ఏడ్చుకునే చోటైనా మిగిలేది.