నారాయణమ్మ నడకకు తివాచీ

నారాయణమ్మను కూర్చోబెట్టాలని చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. పోర్టులో బస్తాలు మోసే రోజుల్లో ఎరువుల దొంతర కూలి ఎడమ కాలు విరిగినప్పుడు, ఇక నడవడం కష్టమన్నాడు ఆస్పత్రి డాక్టరు. ఊళ్లో బంధువులు వసారాలో మంచం వేసి, అక్కడే పడి ఉండమన్నారు. ఆమె ఎవరి మాటా వినలేదు. పొట్టైపోయిన కాలికి మందమైన చెక్క అడుగుతో బూటు కుట్టించుకుని, చేతికర్ర పట్టుకుని, రోజూ నడిచింది.

ఎనభై ఏడులో తమ్ముడు ఎల్లారావుకు ఉక్కునగరంలో మేడమీది క్వార్టరు వచ్చింది. అక్కను తెచ్చి తన దగ్గరే పెట్టుకున్నాడు. కింది ఇంట్లో ఉండే శ్రీనివాసరావు గుడివాడ వైపు మనిషి. రాత్రి డ్యూటీ పడ్డప్పుడు పగలు పడుకుంటాడు. ఒకరోజు ఎర్రబడ్డ కళ్లతో పైకొచ్చాడు.

"ఎల్లారావుగారూ, నా నెత్తిమీద రోకలితో దంచుతున్నట్టుందండీ. మీ అక్కగారిని పగలు కాస్త ఓచోట కూర్చోమనండి."

ఎల్లారావు ఓడల్లోంచి తీసేసిన సామాన్లు అమ్మేచోట ఒక పాత తివాచీ కొనుక్కొచ్చి ముందుగదిలో పరిచాడు. చప్పుడు తగ్గలేదు సరికదా, నున్నటి గచ్చు మీద తివాచీయే జారింది. కింద మెత్తటిదేదైనా ఉండాలని స్పాంజి వేశాడు. మొదటి అడుగుకే బూటు దిగబడి, కాలు మడతపడి నారాయణమ్మ పడింది. మోచెయ్యి చీరుకుపోయింది.

"కొన్నాళ్లు కూకో అప్పా. అన్నీ నీ కాడికే తెత్తాను," అన్నాడు తమ్ముడు, ఆమెను లేవదీస్తూ.

"కూకుంటే కాలు బిగుసుకుపోతాది. మరి లెగను. ఆయన నిద్ర ఆయనకి కావాల, నా నడక నాకు కావాల. నన్ను వన్ టౌన్ బజారుకి తీసుకెల్లు. నడిసి సూసి కొంటాను."

మర్నాడు ఆమె మెట్లన్నీ తనే దిగింది. వన్ టౌన్‌లో త్రినాథరావు అనే ఆయన కొట్లో తివాచీ కింద వేసే రకాలన్నీ దొరుకుతాయి. స్పాంజి, కొబ్బరి పీచు చాప, ఉన్ని ఫెల్టు ఆమె ముందు పరిచాడు.

"సేత్తో నొక్కి సూడమ్మా. బూటుతో తొక్కితే సరుకు మాసిపోతాది. మరెవులు కొంటారు?"

"ఇంటికెల్లాక సేతుల్తో నడుత్తానేటి?" అని నారాయణమ్మ వాటి మీద తివాచీ ముక్క వేయించి ఎక్కేసింది.

మందపాటి స్పాంజి మీద మనిషి ఊగిపోయింది. పీచు చాప కదలకుండా నిలబడింది గానీ బూటు దెబ్బ అలాగే మోగింది. కొట్లోకి వచ్చినవాళ్లు సరుకు చూడటం మానేసి ఆమెను చూస్తున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. నారాయణమ్మ అటు తిరగలేదు. ఫెల్టు మీదికి వెళ్లింది. ఒత్తుగా, గట్టిగా అదిమిన ఉన్ని అది. బూటు దిగబడలేదు, చప్పుడు లోపలే అణిగిపోయింది. ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి, మళ్లీ వెనక్కి నడిచింది.

"దీనికన్నా మెత్తంది ఉందమ్మా," అన్నాడు త్రినాథరావు, ఈసారి కాస్త తగ్గి.

"మెత్తంది నన్ను పడదోత్తాది. నాకు ఇదే కావాల."

ఫెల్టు గోడ నుంచి గోడ దాకా పరిచి, దానిపైన తివాచీ వేశారు. రెండు రోజులకు శ్రీనివాసరావు మళ్లీ వచ్చాడు. ఈసారి ముఖం తేటగా ఉంది.

"ముందుగదిలో ఇప్పుడేమీ వినపడటం లేదండీ. వంటింట్లోనే ఇంకా..."

"పొయ్యి కాడ తివాచీ ఎవులేత్తారు బాబూ, అంటుకుపోదా?" అంది నారాయణమ్మ. "నీకు రాత్రి డ్యూటీ అయితే ముందే సెప్పు. నువ్వు వచ్చే యేలకి వంట సేసేత్తాను. నడక మాత్రం మానను."

ఆయన సరేనని తలూపాడు. ఆయనింకా గుమ్మంలో ఉండగానే ఆమె కర్ర అందుకుని, గది ఆ చివరనున్న కిటికీ వైపు నడక మొదలుపెట్టింది.