మా సార్ తలకు పట్టిన చిలుము

పీహెచ్‌డీ కోసం మనుషులు ఎన్నో పాట్లు పడ్డరు. లైబ్రరీల కండ్లు పోగొట్టుకున్నోళ్లను చూసిన, గైడు ఇంటికి కూరగాయలు మోసినోళ్లను చూసిన. గని గైడు తలకాయను చింతపండు పెట్టి తోమినోడు నాకు తెలిసి నేనొక్కణ్నే. అదీ నా వైవా ఉన్న రోజు పొద్దున, తార్నాకల ఒక డాబా మీద, ఇరుగుపొరుగు అందరు చూస్తుండంగ. ఎట్ల జరిగిందో చెప్త, ఇనుండ్రి. నవ్వుకుంటే నవ్వుకోండ్రి, నాకేం బాధ లేదు. మీ ఇంట్ల రాగి చెంబు ఉంటే మాత్రం జెర జాగ్రత్తగ ఇనుండ్రి.

అప్పుడు నేను అడిక్‌మెట్‌ల ఒక రూముల ఉండి, యూనివర్సిటీల కెమిస్ట్రీ రీసెర్చ్ చేస్తున్న. మాది వ్యవసాయం ఇల్లు. ఊర్లె ఎవరన్న "మీ మల్లేశం ఏం చదువుతుండు?" అని అడిగితే మా నాయన "నీళ్లల్ల రాగి కలుపుతుండు" అని చెప్పెటోడు. నా థీసిస్‌ను అంత తక్కువ మాటలల్ల చెప్పినోళ్లు ఇప్పటిదాక ఇంకెవ్వరు లేరు. మనోళ్లు తాతల కాలం నుంచి రాగి చెంబుల నీళ్లు పోసిపెట్టుకొని పొద్దున్నే తాగుతరు గదా. ఆ రాగి నీళ్లల్లకు దిగి సూక్ష్మజీవులను ఎట్ల చంపుతదో నేను గ్రాఫులు గీసిన, అంతే. గని గ్రాఫులు గీసిన కాడికెళ్లి నా నడకే మారిపోయింది. క్యాంటీన్ల చాయ్ తాగుకుంట కూడ గ్లాసు దిక్కు చూసి "ఇది రాగిదైతేనా..." అని మొదలుపెట్టెటోణ్ని. దోస్తులు బిల్లు నాకే వదిలేసి లేచి పోయెటోళ్లు.

మా గైడు మూర్తి సార్. వాళ్లది గోదావరి ఒడ్డు, గని తార్నాకల ఇల్లు కట్టుకొని మస్తు ఏండ్లయింది. ఎవ్వరిని గట్టిగ ఒక మాట అనని మనిషి. ఆయనకు రెండే అభిమానాలు. ఒకటి గోదావరి, ఇంకొకటి తన జుట్టు. ఆ వయసుల అంత ఒత్తు జుట్టు, అదీ పాలలెక్క తెల్లగ, మా డిపార్ట్‌మెంటు మొత్తంల ఇంకొకరికి లేదు. రంగు వేసుకునే ప్రొఫెసర్లను చూస్తే ఆయనకు పడది. "జుట్టుకి రంగేసుకున్నవాడు రీడింగులకి కూడా వేస్తాడయ్యా" అనెటోళ్లు.

సార్ భార్య శారద మేడంకు మోకాళ్ల నొప్పులు. వేడినీళ్లల్ల కాళ్లు పెట్టి కూసోమని డాక్టర్ చెప్పిండు. సార్ ఊరుకోకుండ గాలి నింపే పెద్ద టబ్బు ఒకటి తెప్పించి డాబా మీద పెట్టించినరు. దానికి హీటరు ఉన్నది, బటన్ నొక్కితే బుడగలొస్తయి. అంతా మంచిగనే ఉన్నది గని, దాన్ని నింపుతే ఇంటి ట్యాంకు సగం ఖాళీ. మా దిక్కు నల్లా రోజూ రాదు. నింపిన నీళ్లనే శానా రోజులు వాడుకోవాలె. వాడుకోవాలంటే నీళ్లు పాడుకాకుండ ఏదో ఒక మందు కలపాలె. ఏ మందు అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న నా దగ్గరికి రావడమే నా కర్మ.

సార్ నన్ను డిపార్ట్‌మెంటుల తన రూముకు పిలిచినరు. "మల్లేశం, టబ్బు అమ్మినవాడు క్లోరిన్ అయినా వెయ్యండి, బ్రోమిన్ అయినా వెయ్యండి అంటున్నాడు. నువ్వేమంటావు?"

బుద్ధున్నోడైతే ఆ రెండిట్ల ఒకటి చెప్పి బయటపడుతడు. నేను కుర్చీ గుంజుకొని కూసున్న.

"క్లోరిన్ వేడినీళ్లల్ల నిలువది సార్. పైకెళ్లి వాసనొకటి. మేడం కండ్లు మండుతయి."

"పోనీ బ్రోమిన్?"

"వేడికి ఆగుతది గని ఎండకు ఆగది సార్. మీది డాబా."

"మరి ఏం వెయ్యమంటావు?"

"రాగి" అన్న.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నరు. "మన రాగా?"

"మన రాగే సార్. తోడుకు చిటికెడు క్లోరిన్, గంతే. వాసన ఉండది, మంట ఉండది. తాతలు చెంబుల పెట్టుకున్నదాన్ని మనం టబ్బుల పెట్టుకుంటం."

సార్ ముఖం వెలిగిపోయింది. సాయంత్రం ఇంటికి పోయి చెప్తే మేడం ముఖం మాత్రం వెలగలే. "ఉత్త క్లోరిన్ వేసి ఊరుకోకూడదూ? కుళాయి నీళ్లలో అదేగా వేస్తారు. అందరం బతికే ఉన్నాంగా?" అన్నరు.

"మేడం, అది కుళాయి. ఇది రీసెర్చ్" అన్న. ఆ మాట యాదికొస్తే ఇప్పటికీ దుప్పటి ముసుగేసుకోవాలనిపిస్తది.

ల్యాబుల మైలుతుత్తం, అంటే రాగి ఉప్పే, నీళ్లల్ల కలిపి సీసాలల్ల తీస్కపోయిన. మా నాయన చెట్లకు కొట్టే మైలుతుత్తమే, నేను కలిపితే దానికి ఇంగ్లీషు పేరు. మనిషి మెడ దాక నీళ్లల్ల కూసుంటడు, కొద్దిసేపటికి లేస్తడు అనుకొని లెక్క కట్టిన. టబ్బు తోటి వచ్చిన పుస్తకంల బొమ్మ కూడ అట్లనే ఉన్నది. ఆ బొమ్మ గీసినోనికి గోదావరి మనిషి తెల్వదు. సార్ టబ్బుల దిగంగనే ముక్కు మూసుకొని, తూర్పు దిక్కు తిరిగి, మూడు మునకలేసెటోళ్లు. తల మొత్తం లోపలికి. రోజూ.

"అది గోదావరి కాదండీ, గాలి టబ్బు" అని మేడం మొత్తుకునేటోళ్లు.

"తల తడవనిది స్నానమెలా అవుతుందే?" అని సార్ ఇంకోసారి మునిగెటోళ్లు.

మేడం మాత్రం జుట్టుకు తువాలు చుట్టుకొని, మోకాళ్ల దాక నీళ్లల్ల పెట్టి కూసునేటోళ్లు. తలస్నానం శుక్రవారమే.

మేడం మోకాళ్లు జెర నెమ్మదించినయి. ఇగ చూడుండ్రి నా సంబురం. దాంట్ల రాగి చేసిందేమున్నది, అంతా వేడి చేసిందే. అయినా క్యాంపస్ అంతా తిరిగి చెప్పుకున్న. ఇంతల ఎండలు ముదిరినయని సార్ డాబా మీద షెడ్డు వేయించినరు. ఆకుపచ్చ ఫైబర్ రేకులు. ఈ రేకులను మీరు యాది పెట్టుకోండ్రి. నేను పెట్టుకోలే.

షెడ్డు పడ్డ మర్నాడే మేడం ఫోన్. "నాయనా, నీళ్లు పచ్చగా కనిపిస్తున్నాయి."

ఉరికిన. చూస్తే నిజంగనే పచ్చగున్నయి. "పాచి, మేడం. పాచి పట్టింది. పాచిని చంపనీకి రాగిని మించింది లేదు" అని ఒక సీసా ఒంపిన. మర్నాడు చూస్తే పచ్చగనే ఉన్నయి. ఇంకో సీసా. మళ్లా పచ్చగనే. ఎంత మొండి పాచి ఇది అని నాకు పంతం పట్టింది. ఎన్ని సీసాలు ఒంపిన్నో అడగకుండ్రి. ప్రతి సాయంత్రం ఆ నీళ్లల్ల సార్ తల మూడుసార్లు లోపలికి పోతున్నదన్న సోయి నాకు లేదు.

ఆ రోజులల్లనే నా వైవా తేదీ పడ్డది. బయటి యూనివర్సిటీ నుంచి నాయుడు సార్ అని పెద్ద ఎగ్జామినర్ వస్తున్నరు, నవ్వని మనిషని పేరు. పొద్దున వచ్చి సాయంత్రం రైలుకు పోతరు. ఆ దినం తప్పితే మళ్లా ఆయన దొరకడానికి నెలలు పడుతది. విద్యానగర్‌ల ఒక కాలేజీ వాళ్లు నా కోసం ఒక పోస్టు ఆపిపెట్టినరు. ఈ నెలల డాక్టరేట్ రాకుంటే వేరేటోళ్లను తీసుకుంటమని మొఖం మీదనే చెప్పినరు. గైడు కూసోకుంటే వైవా లేదు. వైవా లేకుంటే కొలువు లేదు. ఊర్లె మా నాయన అప్పటికే అందరికి చెప్పుకున్నడు.

ఆ పొద్దున సార్‌ను తోలుకపోనీకి ఆటో మాట్లాడుకొని తార్నాక పోయిన. సార్ ఇస్త్రీ బట్టలు వేసుకొని గేటు కాడికొచ్చి, నీడల నుంచి ఎండలకు ఒక అడుగు పెట్టినరు.

సార్ జుట్టు పచ్చగున్నది. ఎట్ల పచ్చగ అంటే, తోమకుండ మూలకు పడేసిన రాగి బిందెకు చిలుము పడుతది చూడుండ్రి, గట్ల.

"ఏవిటయ్యా అలా చూస్తున్నావు?" అన్నరు సార్.

మేడం వెనకనుంచి వచ్చి, సార్‌ను చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నరు. "అయ్యో రామా! రెండ్రోజుల్నించి నాకూ పచ్చగానే కనిపిస్తోందండీ. నా కళ్లకే శుక్లాలు వస్తున్నాయనుకున్నాను!"

సార్ లోపలికి పోయి, చీకటి మూలకున్న అద్దాన్ని కిటికీ కాడికి తెచ్చి చూసుకున్నరు. కేకలెయ్యలే. ఒక వెంట్రుక పట్టుకొని వెలుతురుకు పెట్టి చూసి, "రాగి" అన్నరు. ఇంకో వెంట్రుక చూసి, "మన రాగే" అన్నరు. ఆ తర్వాత బూట్లు విప్పుకొని సోఫాల కూసున్నరు. "నేను రానయ్యా. ఈ తలతో అక్కడ కూర్చుంటే మూర్తి రంగేసుకున్నాడంటారు. అదీ ఈ రంగు."

"సార్, టోపీ పెట్టుకుంటే?"

"క్లాసులో పిల్లల టోపీలు తీయించేవాణ్ని నేను."

"పోనీ గుండు..."

"శుభమా అని వైవా పెట్టుకుని గుండేవిటి!" అని మేడం నా మీదికొచ్చినరు.

"బజార్ల నల్లరంగు దొరుకుతది సార్, ఇట్ల పోయి అట్ల..."

సార్ నా దిక్కు ఒక చూపు చూసినరు. వాక్యం అక్కడనే ఖతం. బయట ఆటో అన్న హారన్ కొడుతుండు. నాకు ఏడుపొచ్చింది, దాచేదేమున్నది, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఊర్లె ఇల్లు యాదికొచ్చింది, మా అమ్మ యాదికొచ్చింది, పండుగ ముంగట అమ్మ నాతోటి తోమించే రాగి బిందె యాదికొచ్చింది.

"మేడం! ఇంట్ల చింతపండు ఉన్నదా?"

"ఉంది. ఇప్పుడు పులుసు తాగుతావా ఏం?"

"తాగనీకి కాదు మేడం. తలకు."

"ఆయన తలేమన్నా రాగి బిందె అనుకున్నావటయ్యా!"

"ఆగు శారదా" అన్నరు సార్ నెమ్మదిగ. "పులుపుకి రాగి కరుగుతుంది. పట్రా."

నల్లా డాబా మీదనే ఉన్నది గనుక షెడ్డు కింద స్టూలు వేసినం. సార్ అంగీ విప్పి, తువాలు కప్పుకొని కూసున్నరు. మేడం చింతపండు పిసికి పోస్తున్నరు, నేను తోముతున్న. ఎంత తోమినా జుట్టు పచ్చగనే ఉన్నది. నా పని అయిపోయిందనుకున్న. చేతులు చూసుకుంటే నా చేతులు పచ్చగున్నయి. మేడం ముఖం పచ్చగున్నది. గిన్నెల చింతపండు కూడ పచ్చగనే ఉన్నది. అప్పుడు తలెత్తి పైన రేకులను చూసిన.

మగ్గుతోటి టబ్బుల నీళ్లు ముంచుకొని ఎండలకు ఉరికిన. నా మందుకు వచ్చిన జెరంత నీలి ఛాయ తప్ప నీళ్లల్ల ఏం లేదు. పాచి లేదు, పాచి తమ్ముడు లేడు.

"సార్... పచ్చగున్నది నీళ్లు కాదు సార్. రేకులు."

సార్ కండ్లల్ల పులుసు కారుతుంటే మూసుకొనే అడిగినరు. "కంట్రోల్ పెట్టావా?"

ఇది మా సార్ రోజూ అడిగే ప్రశ్న. ఏ ప్రయోగం చేసినా కొంత భాగాన్ని ఏమీ చెయ్యకుండ పక్కకు పెట్టుకోవాలె, మార్పు వచ్చిందా లేదా పోల్చి చూసుకోనీకి. దాన్నే కంట్రోల్ అంటరు. ఒక్క మగ్గు నీళ్లు ఎండల పెట్టి చూసుంటే అయిపోయేది. "పెట్టలే సార్" అన్న.

స్టూలును ఎండలకు జరుపుకున్నం. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఆమె ఆగి, "ఏం జరుగుతోందండీ?" అని అడిగింది.

"వైవా అండీ" అన్నరు మేడం.

ముంగట జుట్టు తెల్లబడ్డది. దండం పెట్టుకొని సార్‌కు అంగీ తొడిగించి ఆటోల కూసోబెట్టిన. దారి పొడుగుత ఆటోల చారు వాసన. ఆర్ట్స్ కాలేజీ దిక్కు చెట్ల కింద మలుపు తిరుగుతుంటే సార్ అన్నరు, "ఉప్పు కూడా వేశావా?" వేసిన సార్ అన్న. బిందెకు వేస్తం గదా.

వైవా మొదలైంది. నాయుడు సార్ ముక్కు ఎగపీల్చి "క్యాంటీన్ పక్కనేనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండ నా మీద పడ్డరు. గంట సేపు ఉతికినరు. అన్నిటికీ చెప్పిన. చివరకు థీసిస్ మూసి, "ఈ రాగి నీళ్లని మనుషుల మీద ఎప్పుడైనా పరీక్షించావా?" అన్నరు.

"లేదు సార్" అన్న, గట్టిగ.

సరిగ్గ అప్పుడే మా సార్ పెన్ను కింద పడ్డది. తీసుకోనీకి వంగినరు. నడినెత్తి నుంచి మెడ దాక, మేము తొందరల తోమని చోటు, అరచేతంత మేర చిలకపచ్చగ మెరిసింది.

వెనక కూసున్న స్కాలర్లల్ల ఒకడు కిసుక్కుమన్నడు. నాయుడు సార్ లేచి, బల్ల చుట్టు తిరిగొచ్చి, కళ్లద్దాలు సవరించుకొని ఆ తలను చూసినరు. నేను ఇగ దాచలేక మొత్తం చెప్పేసిన. టబ్బు, మునకలు, రేకులు, సీసాలు, చింతపండు. చెప్తుంటే విద్యానగర్ పోస్టు నా ముంగటనుంచే లేచి పోతున్నట్టనిపించింది.

"ముందు భాగం చింతపండుతో పోయిందన్నమాట" అన్నరు నాయుడు సార్.

"పోయింది సార్."

"మరి ఈ వెనకాలది?"

మా సార్, జుట్టుకు రంగంటేనే పడని మా మూర్తి సార్, నెమ్మదిగ లేచి నిలబడి, అందరికీ కనపడేటట్టు వెనక్కి తిరిగినరు.

"అది కంట్రోల్ అండీ" అన్నరు.

నవ్వని నాయుడు సార్ బల్ల పట్టుకొని నవ్వినరు. నవ్వుకుంటనే సంతకం పెట్టినరు.

భోజనాల కాడ ఆయన నా పక్కకొచ్చి, "మా ఇంట్లో కూడా ఒక టబ్బు కొన్నామయ్యా. ఏం వెయ్యమంటావు?" అన్నరు. నేను నోరు తెరిచేలోపల బల్ల కింద సార్ నా కాలు తొక్కినరు.

"క్లోరిన్ సార్" అన్న.

ఇప్పుడు విద్యానగర్‌ల పాఠాలు చెప్పుకుంటున్న. మా అమ్మ పంపిన రాగి చెంబు మీద చెయ్యి పెట్టి, మీ అందరి ముంగట ప్రమాణం చేస్తున్న: ఎవరు ఎంత బతిమాలినా, ఎవరి టబ్బుల గాని, ఎవరి నెత్తి మీద గాని నా థీసిస్‌ను పొయ్య. చెంబుల నీళ్లు మాత్రం రోజూ పొద్దున తాగుతున్న, ఎండలకు పెట్టి ఒకసారి రంగు చూసుకొని.