జపాన్ బండి మరమేకుల కోసం నెల్లూరుకు

అరవైల నాటి మాట. అల్లూరులో ఉదయం ఆరున్నర బస్సు ఎక్కాను. మా మోటారు సైకిలును టాపు మీద తాళ్ళతో కట్టించాను. నేను అక్కడి చిన్న ఆసుపత్రిలో కాంపౌండరును. డాక్టరు సువార్తమ్మగారిని వెనక కూర్చోబెట్టుకుని సముద్రపు ఒడ్డు పల్లెలకు ఆ బండి నడిపేదీ నేనే. ఓడలో పనిచేసే ఆమె తమ్ముడు జపాను నుంచి తెప్పించి ఇచ్చాడు.

నాలుగు రోజులుగా బండి స్టార్టు కాలేదు. ఇంజను పక్క మూత తీసి లోపల మసి తుడవాలి. ఆ మూతకు నెత్తిన ప్లస్ గుర్తు గాడి ఉన్న మరమేకులు మూడు. నా స్క్రూడ్రైవర్ తిప్పినప్పుడల్లా జారి వాటి గాళ్ళు కొరికేసింది. అవతల సముద్రపు ఒడ్డున పట్టపుపాళెంలో పోలమ్మకు నెలలు నిండాయి. ఆమె తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు.

పక్కసీటాయన నా గోడు విని, "సంతపేటలో మస్తాన్ సాయిబు కాడికి పో అన్నా. మా ఇంటి కుట్టుమిషను ఆయనే బాగుచేసినాడు" అన్నాడు.

కుట్టుమిషన్ల మనిషికి ఇంజను సంగతి ఏం తెలుసులే అనుకున్నాను. ఎనిమిదిన్నరకు నెల్లూరులో దిగి బండిని నేరుగా ఒక వర్క్‌షాపుకు తోసుకెళ్ళాను. వాళ్ళు ఉలి, సుత్తి తీశారు. మూత పగిలితే జపాను నుంచే రావాలి. వద్దని బతిమాలి సంతపేట దారి పట్టాను.

మస్తాన్ సాయిబు బండిని ముట్టుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని నా స్క్రూడ్రైవర్ను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇది సీమ సరుకన్నా, ఇంగ్లీషోళ్ళది. జపానోళ్ళ గాడి లోతు తక్కువ. నీ మొన అడుగుకు తగల్తాది, పక్కలు పట్టవు. నేనూ మొదట్లో ఎన్నో మరలు పాడుచేసినోణ్ణే."

సానరాయి మీద మొనను కొంచెం అరగదీయడం, గాడిలో పెట్టి చూడడం. అలా ఏడెనిమిదిసార్లు. చివరికి స్క్రూడ్రైవర్ గాడిలో ఊగకుండా నిలబడింది. కిరసనాయిలు చుక్క వేసి, పిడి మీద సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు.

"గట్టిగా నొక్కినాకే తిప్పాల."

టక్కుమని మొదటిది వదిలింది. రెండోదీ వచ్చింది. మూడోదానికి స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు.

"నువ్వే తియ్యి. రేపు ఆడ నేనుండను గదా."

ఒంటి బరువంతా వేసి నొక్కి తిప్పాను. కదిలింది! మసి తుడవగానే బండి పలికింది. తన క్యారేజీలో సగం అన్నం నాకు పెట్టి, స్క్రూడ్రైవర్ను గుడ్డలో చుట్టి ఇచ్చాడు. "దీన్ని వేరే పనికి వాడబాక" అన్నాడు.

రెండింటికి బయలుదేరి మూడున్నరకు అల్లూరు చేరాను. పోలమ్మకు నొప్పులొచ్చాయని డాక్టరమ్మ నడిచే వెళ్ళారట. కాలవ గట్టు మీద ఆమెను అందుకున్నాను. మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నారు.

పొద్దు వాలకముందే గుడిసెలోంచి బిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. బయటికొచ్చాక డాక్టరమ్మ, "ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేది" అన్నారు. నెల్లూరులో జరిగిందంతా ఆమెకు చెప్పాను.

తిరుగు దారిలో ఆమె నా వెనక మెల్లగా ప్రార్థన చేసుకుంటున్నారు. ఇంజను చప్పుడులో మాటలు తెలియలేదు. పోలమ్మ పేరు, మస్తాన్ సాయిబు పేరు మాత్రం వినబడ్డాయి.