‘ఐ కమ్’ అని చెప్పి వెళ్ళిపోయాను

ఒక్క ఇంగ్లీషు మాటతో డాక్టరమ్మను పస్తుపెట్టి, అనంతగిరి అడవంతా మనుషుల్ని తిప్పించిన ఘనత నాది. నవ్వకండి, ముందు వినండి.

వికారాబాదు దవాఖానలో ఒక తెల్ల దొరసాని డాక్టరుకు సాయంగా చదువుకున్న ఆడపిల్ల కావాలన్నారు. యాభైల నాటి మాట. తాండూరులో ఎనిమిదో తరగతి గట్టెక్కిన పిల్లంటే మరి నేనే! ఆ నౌకరీ రాకపోతే దౌల్తాబాదు సంబంధం ఖాయం చేసేస్తానన్నాడు మా నాన్న. రైలెక్కే ముందు అవ్వ చెవిలో ఊదింది.

"బిడ్డా, బయలెల్లేటప్పుడు 'పోత' అనకు. అసలే అది దవాఖాన! 'వస్త' అను."

దొరసాని అడిగినవాటికల్లా నాకొచ్చిన ఇంగ్లీషు ముక్కలతోనే టకటకా జవాబులు చెప్పాను. ఇక అయిపోయిందనుకుని లేచాను. నాకు 'గో' రాదనుకునేరు! భేషుగ్గా వచ్చు. చుట్టూ మంచాల మీద రోగులుండగా ఆ పాడుమాట అంటానా? దండం పెట్టి, "ఐ కమ్, మేడమ్" అని దర్జాగా వచ్చి రైలెక్కేశాను.

తెల్లారేసరికి కాంపౌండరు దేవదానం మా గుమ్మంలో ఉన్నాడు.

"ఉన్నవా తల్లీ! వస్తనని చెప్పి ఏడికి పోయినవ్? నువ్వొస్తవని దొరసాని అన్నం ముట్టలే. అడవిల తప్పిపోయినవేమోనని అనంతగిరి దాంక మమ్ముల తిప్పింది. మస్తు పరేషాన్ చేసినవ్!"

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు. అవ్వ చెప్పిన ఒక్క ముక్క చేసిన కీడు పగవాడు కూడా చేయడు. నౌకరీ పోయిందనుకుంటూనే అతని వెంట వెళ్ళాను.

దొరసాని ముఖం కందగడ్డలా ఉంది. "రానిదానివి కమ్ అని ఎందుకన్నావ్?" అని ఇంగ్లీషులో గద్దించింది.

నేను తగ్గుతానా? దేవదానం తర్జుమా చేస్తుంటే పంతులమ్మలా పాఠం మొదలుపెట్టాను. "మా దిక్కు పోయేటోళ్ళు 'పోత' అనరు మేడమ్, 'వస్త' అంటరు. సాగనంపేటోళ్ళు 'పో' అనరు. 'రా' అంటరు. గట్లంటేనే శుభం."

దొరసాని ముఖం విప్పారింది. అప్పుడే జ్వరం తగ్గి, మూట చంకన పెట్టుకుని ఇంటికి బయలుదేరిన పెద్దేముల్ ముసలమ్మకు చేతులు జోడించి, ముద్దుముద్దుగా, "రా అమ్మా, రా!" అంది.

ముసలమ్మ మూట కింద పడేసింది. "నీ నోట్ల మన్నువడ! మళ్ళ గీ దవాఖానకు రావాల్నా నేను?"

"గీ పిల్లనే నేర్పింది అవ్వా!" అని దేవదానం నన్ను చూపించాడు.

నాలుక కరుచుకున్నాను. ముందురోజు అదే దవాఖానకు మళ్ళీ వస్తానని చక్కగా చెప్పి వెళ్ళింది నేనే కదా! దేవదానం తర్జుమా చేశాక సంగతి అర్థమైన దొరసాని కుర్చీలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది.

"నో గో, నో కమ్! యూ స్టే!"

అలా దొరికింది నౌకరీ. ఆ క్షణమే అనంతగిరి పద్మనాభస్వామి మీద ఒట్టు పెట్టుకున్నాను. దవాఖాన గడప మీద ఇక పోతానని అనను, వస్తానని అనను. దండం పెట్టి, నోరు మూసుకుని నడుస్తాను.