మూడు ప్రకటనలు, ఒకే గుమ్మం

ఆమెను షెడ్డులో అందరూ గుండీల అక్క అంటారు. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డు అది. కత్తిరింపు ఒక చివర, ఇస్త్రీ ఇంకో చివర, నడుమ నలభై మిషన్లు. ఇరవై రెండేళ్ళుగా ఆమెది కిటికీ పక్క మిషను. చొక్కాకి ఏడు గుండీలు, మోకాలితో మీట నొక్కితే గుండీకి పదహారు కుట్లు. ఆ ఊళ్ళో బడికెళ్ళిన పిల్లల్లో సగం మంది గుండెల మీద ఆమె చేతి పని ఉంటుంది. ఆ సంగతి ఆ పిల్లలకి తెలియదు, వాళ్ళ అమ్మానాన్నలకీ తెలియదు. పని చేసేవాళ్ళ పేర్లు చొక్కా లోపలి చీటీ మీద వేసే అలవాటు మన లోకానికి ఇంకా రాలేదు.

ఇంట్లో ఆమె, ఆమె అత్త. భర్త పోయి తొమ్మిదేళ్ళు. వాళ్ళిద్దరూ అత్తాకోడళ్ళు అని చెబితేగానీ తెలియదు, చెప్పాక కూడా చాలామంది నమ్మరు. తిట్టుకునే తీరు చూసి తల్లీకూతుళ్ళు అనుకుంటారు. అత్త కూడా ఒకప్పుడు అదే షెడ్డులో కాజాలు కుట్టింది. కోడలికి మిషను నేర్పింది ఆవిడే.

అద్దె గది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. మోకాళ్ళు మొండికేశాక అత్త మెట్లు దిగడం మానేసింది. రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో ఆవిడ చూసిన లోకం ఎదుటి మేడ గోడ, దాని మీద నీళ్ళ ట్యాంకు. "ట్యాంకు నిండి పొంగితే నాకు పండగే. అదొక్కటే ఇక్కడ కదిలేది" అని నవ్వేది.

అందుకే కొంటే కింది ఇల్లే కొనాలి. ఒక్క మెట్టు మించి ఉండకూడదు. ఇరవై రెండేళ్ళుగా దాచుకున్నది, పైన షెడ్డు సహకార సంఘం ఇచ్చే అప్పు, అన్నీ కలిపితే పాత వీధుల్లో రెండు గదులొస్తాయి. ఏజెంటుకి ఒక్క ఫీజు ఇచ్చుకోగలదు. రెండోది ఇవ్వాలంటే ఇల్లు చేజారినట్టే.

ఫోనులో ప్రకటనలు వెతికి మూడిళ్ళు ఏరుకుంది. మూడూ మూడు ఏజెన్సీలవి. మొదటి ఏజెంటు ఎండాకాలంలోనూ టై విప్పడు గనక అత్త అతనికి టై బాబు అని పేరు పెట్టింది. రెండోవాడు ఫోనెత్తగానే "త్వరగా చెప్పండమ్మా, ఇంకో పార్టీ లైన్లో ఉంది" అంటాడు, వాడు స్పీడు. మూడో ఆమె ప్రకటన ఫోటోలో కూడా చేతిలో గొడుగుతోనే ఉంది, ఆమె గొడుగమ్మాయి.

శుక్రవారం భోజనం విరామంలో స్పీడు ఆఫీసుకి పరుగెత్తింది.

"ఇల్లెక్కడండీ?" అని అడిగింది.

"పాత వీధుల్లోనే అమ్మా. అడ్రసు చూపించే రోజు చెబుతాం. ముందు ఈ చీటీ మీద సంతకం పెట్టండి, గురువారం తీసుకెళ్తా."

"ఇందులో ఏముంది?"

"మామూలేనమ్మా, అందరూ పెట్టేదే. త్వరగా."

షెడ్డుకి తిరిగి చేరడానికి ఆమెకి పదకొండు నిమిషాలే ఉన్నాయి. పెట్టేసింది. మా ద్వారా తెలిసిన ఇల్లు కొంటే మా ఫీజు మాకు చెల్లించాలి అని ఉంది అందులో. ఏ ఇల్లో రాయాల్సిన చోట ఖాళీ. అడ్రసు లేని ఇంటికి సంతకం అడగడం ఏం వ్యాపారమో ఎవరైనా చెప్పాలి. షెడ్డులో పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు కూలి కోస్తారని వాళ్ళకి తెలుసు. ఆ తొందరే వాళ్ళ పెట్టుబడి.

ఆదివారం టై బాబు ఇల్లు చూపించాడు. అతనూ చీటీ రాయించుకున్నాడు గానీ గుమ్మం ముందు నిలబడి, తలుపు నంబరు వేసి రాయించుకున్నాడు. వీధిలోకి తెరుచుకునే నీలం తలుపు, ఒకే మెట్టు, ముందు గదిలో పెద్ద కిటికీ. తెల్ల గోడలు. ఆమె మెట్టు మీద నిలబడి వీధిని చూసింది. ఎవరో సైకిలు చైను వేసుకుంటున్నారు. ఎదురింటి పిల్లి గోడ మీద నడుస్తోంది. అత్తకి ఇదంతా చూపించాలి అనుకుంది, కళ్ళు తడిశాయి. గబగబా ఫోనులో పది ఫోటోలు తీసుకుంది.

సాయంత్రం అత్త మంచం మీద ఫోను పెట్టి మూడిళ్ళూ మళ్ళీ వరసగా చూపించింది. టై బాబు తెల్ల గోడల ఇల్లు, స్పీడు ప్రకటనలో పసుపు గోడల ఇల్లు, గొడుగు ప్రకటనలో వీధిలోంచి తీసిన ఒక్క కిటికీ ఫోటో.

"స్పీడుది ఎక్కువ ధర, అయినా గురువారం చూసొస్తా అత్తయ్యా. గొడుగమ్మాయి రేపు రమ్మంది. మూడూ చూశాకే..."

అత్త కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి ఫోను దగ్గరకి లాక్కుంది. పసుపు గోడ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసింది. తెల్ల గోడ ఫోటో పెద్దది చేసింది. మళ్ళీ పసుపుది.

"ఏమే, నీకు కళ్ళున్నాయా?"

"ఏమైంది?"

"ఆ కర్టెను చూడు. పైన కొక్కేలకి బదులు ఆరు కోటు గుండీలు కుట్టుకున్నారు. అయిదు తెల్లవి, నాలుగేసి కన్నాలవి. వరసలో అయిదోది చూడు. గోధుమ రంగు, రెండే కన్నాలు. ఊడిపోతే చేతికి దొరికింది కుట్టేశారు."

"అవును."

"అవునేమిటే అవును! మూడు ఫోటోల్లోనూ అదే గుండీ. రోజుకి వెయ్యి గుండీలు కుట్టే మనిషివి, ఒక్క గుండీ పోల్చుకోలేవూ? మూడిళ్ళు కాదే పిచ్చిదానా, ఒకటే ఇల్లు. ఆ పసుపు గోడ ఎప్పటి ఫోటోయో, తర్వాత సున్నం కొట్టించారు."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. మూడిళ్ళలో ఏది మంచిదని వారం రోజులు కొట్టుకున్నారు మరి. పసుపు గోడల ఇల్లు గాలి ఆడదని అత్త వాదించింది కూడా!

నవ్వుతూ నవ్వుతూ కోడలు ఠక్కున ఆగిపోయింది. చీటీ గుర్తొచ్చింది. ఒకే ఇంటికి రెండు చోట్ల సంతకం పెట్టింది. అంటే రెండు ఫీజులు.

"రేపు గొడుగమ్మాయి దగ్గరకి వెళ్ళను అత్తయ్యా. ఇంకో కాగితం చూసే ఓపిక లేదు."

"వెళ్ళు. రెండు సంతకాలు పెట్టినదానివి, ఒక ప్రశ్న అడిగి రావడానికి భయమేమిటి?"

సోమవారం పని అయ్యాక వెళ్ళింది. గొడుగు ఆఫీసు ఒక జిరాక్సు కొట్టు వెనక చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, మూలన ఆ గొడుగు. దాన్ని చుట్టి బిగించే పట్టీకి గుండీ ఊడి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఆ అమ్మాయి చీటీ తియ్యలేదు. ముందు ప్రకటన తీసి చూపించింది.

"అక్కా, ఈ ఇల్లు మీకు ఇంకెవరైనా చూపించారా? ఇది మా ఒక్కళ్ళ దగ్గరే లేదు."

ఆ మాట కోసమే వచ్చిందేమో అన్నట్టు ఆమె కూలబడి మొత్తం చెప్పేసింది.

గొడుగమ్మాయి అంతా విని, "అయితే మీరు నాకు సంతకం పెట్టకండి" అంది.

"మరి నీకేం వస్తుంది?"

"ఏమీ రాదు. పెట్టించుకోవడం ఒక నిమిషం పని అక్కా. మీరు ఈ వీధుల్లోకే వస్తున్నారు. రేపట్నుంచి రోజూ మీ ముఖం నేను చూడొద్దూ? పదండి, టీచరుగారి దగ్గరకి వెళ్దాం. అమ్మేది ఆవిడ. ఆవిడకి అసలు సంగతి తెలియాలి."

ఇంటి యజమాని లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి, చెల్లెలి ఊరికి మారిపోతోంది. తలుపు తీసి, విషయం విని, నుదురు కొట్టుకుంది.

"ఆరు నెలలు టై అబ్బాయి ఒక్కడికే ఇచ్చాను, ఒక్కళ్ళనీ తీసుకురాలేదు. విసుగొచ్చి ఇంకో ఇద్దరికి చెప్పాను. ముగ్గురికి చెబితే ముగ్గురు కొనేవాళ్ళు వస్తారనుకున్నాను. ముగ్గురి దగ్గరా మీ ఒక్కళ్ళే తేలారు!" స్పీడు ప్రకటన చూసి కళ్ళజోడు తీసేసింది. "ఈ ధర నేను చెప్పింది కాదే. నేను ఫోనులో పంపిన ఈ ఫోటో నాలుగేళ్ళ కిందటిది. వాడు ఈ గుమ్మం తొక్కనే లేదు."

బల్ల సొరుగులోంచి ఎర్ర పెన్ను తీసింది. టీచరుగారి చెయ్యి కదా, గీత తప్పకుండా రాసింది: ఈ ఇల్లు ఈమెకు చూపించింది ఫలానా ఏజెన్సీ మాత్రమే, నేను చెప్పిన ధర ఇది, వేరెవరూ చూపించలేదు. కింద సంతకం, తేదీ. టై బాబుకి ఫోను చేసి, చూపించావు గనక నీ ఫీజు నీకుంది అని చెప్పింది. అతను బుద్ధిగా సరేనన్నాడు.

మిగిలింది స్పీడు. ఫోనులో వాడు ఒకటే పాట. "సంతకం ఉందమ్మా. కాగితం కాగితమే."

మర్నాడు షెడ్డులో భోజనాల గంట కొట్టగానే గుండీల అక్క డబ్బా తియ్యలేదు. పక్క మిషను మనిషి ఏమైందని అడిగింది. సంగతి మిషన్ల వరస దాటి ఇస్త్రీ బల్ల దాకా పాకింది. ఆమెతో పాటు ఇంకో అయిదుగురు లేచారు. అయిదుగురూ స్పీడు ఆఫీసులో ఉన్న నాలుగు కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. కత్తిరింపు పెద్దమ్మ మెడలో ఇంకా టేపు వేలాడుతోంది.

"మాకూ ఇళ్ళు కావాలి బాబూ. అడ్రసులు చెప్పు."

"ముందు సంతకం..."

"ఏ ఇంటికని పెట్టాలి? ఈ చీటీలో అడ్రసు రాసే చోట ఏముంది నాయనా, నాకు చూపు ఆనదు, కాస్త చదివి పెట్టు."

స్పీడు చీటీని తన వైపు లాక్కున్నాడు. "అది... తర్వాత నింపుతాం."

"నువ్వు నింపుతావా! బట్ట చూపించకుండా కుట్టుకూలి అడిగితే మమ్మల్ని ఊరుకుంటారా?"

పక్క బల్ల దగ్గర ఒక కొత్త జంట సంతకానికి పెన్ను తెరిచి ఉన్నారు. భార్య మెల్లిగా పెన్ను మూసి బల్ల మీద పెట్టేసింది. స్పీడు ఆ పెన్నుని చూశాడు. గుండీల అక్క చాపిన కాగితం మీద టీచరుగారి ఎర్ర అక్షరాలు చూశాడు. సొరుగు తీసి, గుండీల అక్క చీటీ వెతికి చేతిలో పెట్టాడు. ఆ రోజు మొదటిసారి వాడు త్వరగా అనలేదు.

అయిదుగురూ పన్నెండు నిమిషాలు ఆలస్యంగా షెడ్డుకి వచ్చారు. సగం రోజు కూలి కోశారు. ఒక్కరూ దాని మాట ఎత్తలేదు. గుండీల అక్క ఎత్తబోతే కత్తిరింపు పెద్దమ్మ టేపుతో కొట్టింది.

ఇల్లు వచ్చింది. గొడుగమ్మాయికి దమ్మిడీ రాలేదు. గుండీల అక్క వెళ్ళి ఆ గొడుగు అడిగి తీసుకుని, రబ్బరు బ్యాండు పీకేసి, పట్టీకి గట్టి కోటు గుండీ చేత్తో కుట్టి ఇచ్చింది. అంతకంటే ఇవ్వడానికి తన దగ్గరేం లేదంది. ఆ తర్వాత షెడ్డులో ఇల్లు వెతికేవాళ్ళందరూ ముందు ఆ జిరాక్సు కొట్టు వెనక గదికే వెళ్తున్నారు. ఇప్పటికి నలుగురు. పొందిన మేలుని మనసులో దాచుకుంటే చాలదు, మేలు చేసినవాళ్ళకి పని దొరికేలా చూడాలి.

ఇల్లు మారిన రోజు అత్తని కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులూ ఆ అయిదుగురే దింపారు. "మెల్లిగా అమ్మాయిలూ, ఇది కాజాలు కుట్టిన చెయ్యి, గోడకి రాసుకోనివ్వకండి" అని ఆవిడ అరుపులు. వీధిలోకి రాగానే అరుపులు ఆగిపోయాయి. తల పైకెత్తి చాలాసేపు ఆకాశాన్నే చూసింది. ఎవరూ తొందర పెట్టలేదు.

కర్టెను టీచరుగారు వదిలేసి వెళ్ళింది. గోధుమ గుండీ తీసి తెల్లది కుడతానంది కోడలు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను" అంది అత్త.

మూడోరోజు గుండీల అక్క పని నుంచి వచ్చేసరికి నీలం తలుపు గొళ్ళెం బయటినుంచి పెట్టి ఉంది. లోపల మంచం ఖాళీ. కుర్చీ ఖాళీ. వీధిలోకి పరుగెత్తింది.

మలుపులో, సైకిలు కొట్టు ముందు బల్ల మీద అత్త కూర్చుని ఉంది. చేతికర్ర ఒళ్ళో ఉంది. కొట్టతని చొక్కా జేబు వేళ్ళతో లాగి చూస్తూ కోప్పడుతోంది.

"ఎవరు కుట్టారయ్యా ఇది? కాజా ఇంత వెడల్పుంటే గుండీ ఆగుతుందా? అదిగో మా కోడలొచ్చింది, చూపించు. ఏమే, వచ్చేశావూ? నువ్వు పోయి పొయ్యి వెలిగించు. నేను నడిచి వస్తాలే."